పచ్చిమిరపకాయ దగ్గర ఆగిపోయాను

పదకొండు దాటింది. ఈయన పడుకున్నారు. నాకు నిద్ర రావట్లేదు.

మేనల్లుడు పంపిన నవలే కారణం. అందులో కళింగ రాజు చోడగంగుడి సైనికుడొకడు వంశధార ఒడ్డున కూర్చుని చద్దన్నంలో పచ్చిమిరపకాయ కొరుక్కుంటాడు. చోడగంగుడికి పట్టాభిషేకమైంది 1078లో. మిరపకాయ మన దేశానికొచ్చింది పోర్చుగీసువాళ్ళతో, 1498 తర్వాత. మిరియాలున్నాయి, పిప్పళ్ళున్నాయి, అల్లం ఉంది. వాటిలో ఏదో ఒకటి పెట్టకూడదా? పుస్తకం మూసేశాను.

అదే నవలలో ఇప్పచెట్టు మాట్లాడుతుంది. అక్కడ మాత్రం ఒళ్ళు జలదరించింది. ఆ చెట్టు నాకు చిన్నప్పటినుంచీ తెలుసు.

శివరాత్రికి మామ్మ నన్ను పర్లాకిమిడి నుంచి ముఖలింగం తీసుకెళ్ళేది. శివుడు ఇప్పచెట్టు మొదట్లో ముఖం చూపించాడని, మధుకమంటే ఇప్పేనని, అందుకే ఆయన మధుకేశ్వరుడని గుడిలోనే చెప్పింది. గోడమీద చెక్కిన అక్షరాలు తడిమి, "ఇవి మన అచ్చరాలేనే, పాతవి" అంది. మాతో వచ్చిన మా వీధి ఒడియా పిన్ని, మావుసీకి కథ సగం అర్థం కాలేదు. మామ్మ మళ్ళీ మొదటినుంచి ఒడియాలో చెప్పింది. మావుసీ మధ్యమధ్యలో తెలుగులో అడుగుతోంది, "చెట్టుకి నొప్పెట్టలేదా?" అని. పులిహోర పొట్లం విప్పకుండా ఆ ఇద్దరినే చూస్తూ కూర్చున్నాను.

ఇంతవరకూ రాశాక తెలుస్తోంది, నా బాధ మిరపకాయ కాదు. మా మామ్మకైనా అది లేనిదే చద్దన్నం దిగేది కాదు. రాసినవాళ్ళ ఇంట్లోనూ అంతే అయ్యుంటుంది.

ఆ సైనికుడు అన్నం ముందు కూర్చునే ముందు ఒక బాటసారిని ఆపుతాడు. "నువ్వు ఒడ్రుడివా, తెలుగువాడివా? ఒకటే చెప్పు" అంటాడు. ఒడ్రుడంటే ఒడియావాడు. మింగుడుపడనిది ఇదీ. ఆ రాజు తల్లి చోళుల ఆడపడుచు. ముఖలింగం గోడలమీద సంస్కృతం, తెలుగు పక్కపక్కనే ఉన్నాయి. గీత గీసి మా పర్లాకిమిడిని ఒడిశా వైపు వేసింది 1936లో. ఆ ఏడాది పుట్టిన ప్రశ్నను తీసుకెళ్ళి వాడి నోట్లో పెట్టారు. ఎనిమిదో తరగతిలో నన్నూ అడిగారు, అందరి ముందూ నిలబెట్టి. ఏం చెప్పాలో తెలియక ఇంటికొచ్చి మామ్మ ఒళ్ళో ఏడ్చాను.

సైనికుడు తింటూనే ఉన్నాడు. బాటసారి ఎండలో ఇంకా నిలబడే ఉన్నాడు. అతనేం చెబుతాడోనని పేజీ తిప్పాలంటే టెన్షన్‌గా ఉంది.