టోలుకు చిల్లర లేనివాళ్లు

పన్నెండేళ్లు సినిమా తీయని మనిషిని దర్శకురాలని ఎలా అంటారు వదినా, అని మా మరిది భోజనాల దగ్గర అన్న మాట ఇంకా మింగుడు పడడం లేదు. అతను అన్నది అమెరికన్ దర్శకురాలు కెల్లీ రైకార్ట్ గురించి.

ఆమె తొలి చిత్రం 'రివర్ ఆఫ్ గ్రాస్' 1994లో వస్తే, 'ఓల్డ్ జాయ్' 2006లో వచ్చింది. ఆ మధ్యకాలమంతా తపస్సేనని నేను గట్టిగా వాదించాను గానీ, ఇప్పుడు రాస్తుంటే ఆ సమర్థన నాకే నచ్చడం లేదు. తపస్సుకు ఎవరైనా కోరి వెళతారు. ఈమెకు డబ్బు పెట్టేవారే దొరకలేదు, అందుకు తాను స్త్రీ కావడం పెద్ద కారణమని ఆమే చెప్పారు. ఆ ఏళ్లలో ఇళ్లలో వాడుకునే చిన్న ఫిల్మ్ కెమెరా, సూపర్ ఎయిట్‌తో చిన్న చిత్రాలు తీసుకున్నారు.

ఆమె తీసే ఏకాకులు లోకాన్ని ధిక్కరించే వీరులు కారు. తొలి చిత్రంలో, హత్య చేశామనుకుని ఫ్లోరిడా నుంచి పారిపోదామనుకున్న జంట టోలు కట్టే చిల్లర లేక వెనుదిరుగుతుంది. 2008 నాటి 'వెండీ అండ్ లూసీ'లో, పని వెతుక్కుంటూ అలాస్కాకు బయలుదేరిన వెండీ కారు ఆరెగాన్ రాష్ట్రంలో మొరాయిస్తుంది. కుక్కకు తిండి దొంగిలించి పట్టుబడి, ఆ కుక్కనే పోగొట్టుకుంటుంది. ఆమె మిగిలిన డబ్బు లెక్క పుస్తకంలో రాసుకుంటుంటే నాకు మా నాన్నగారి పద్దు పుస్తకం గుర్తుకు వచ్చింది. పాలు, కిరసనాయిలు, చీటీ వాయిదా, అన్నీ గుండ్రని అక్షరాలతో రాసి, ఎవరికైనా చేబదులిచ్చి తిరిగి అడగలేనిది మాత్రం అమ్మ కంట పడకుండా 'ఇతరములు' కింద వేసేవారు. నెలాఖరున అమ్మ ఆ ఒక్క పద్దు మీదే వేలు పెట్టేది, ఆయన కళ్లజోడు తుడుచుకునేవారు. వెండీకి 'ఇతరములు' రాసుకునే స్తోమత కూడా లేదు. ఒక ముసలి కాపలాదారు ఆమె చేతిలో కొన్ని చిన్న నోట్లు పెట్టే దృశ్యం ఎంతో బాగుంటుంది, అయినా ఆ నోట్లతో కారు బాగుపడదు.

మరిది కంటే నన్ను ఎక్కువగా చిరాకు పెట్టేది మెచ్చుకునేవారే. తక్కువ ఖర్చు, కొద్దిమంది సిబ్బంది, తన చిత్రాలకు తానే ఎడిటింగ్ చేసుకోవడం, వీటన్నిటినీ శైలి అని పొగుడుతారు. అందులో ఎంత ఇష్టమో ఎంత ఇబ్బందో విడదీసి చూడరు. ఇంత పేరు వచ్చాక కూడా ఆమె న్యూయార్క్ రాష్ట్రంలోని బార్డ్ కళాశాలలో పాఠాలు చెబుతూనే సినిమాలు తీస్తూ వచ్చారు. ఆ ఉద్యోగాన్ని కూడా ఎవరో ఒకరు శైలి కిందే జమ వేస్తారు.