అమలాపురంలో సెనేట్ చర్చ

నిన్న అమలాపురంలో మా డిగ్రీ విద్యార్థుల చేత అమెరికా సెనేట్ చర్చను నమూనాగా జరిపించాను. అంశం న్యూ స్టార్ట్ ఒప్పందం: మోహరించిన వ్యూహాత్మక అణు వార్‌హెడ్లను అమెరికా, రష్యా చెరి 1,550కి పరిమితం చేసుకోవాలంటూ 2010 ఏప్రిల్‌లో ప్రాగ్‌లో సంతకాలైన పత్రం. సెనేట్‌లో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి. ఆ డిసెంబరు 22న 71–26 ఓట్లతో అది గట్టెక్కింది.

ఒకరి అణ్వాయుధాలను మరొకరు వెళ్లి చూసుకునే తనిఖీల గురించే పిల్లలు ఎక్కువగా వాదించుకున్నారు. ధాన్యం తేమను ఎవరి మీటరుతో కొలవాలన్న తగవును ఏటా కళ్లాల్లో చూస్తూ పెరిగిన రైతుబిడ్డలు కనుక, ఎదుటివారి లెక్కను స్వయంగా చూడకుండా ఎలా నమ్మాలన్న ప్రశ్న వారికి కొత్తగా అనిపించలేదు. ఆ ఒప్పందం ఏడాదికి 18 తనిఖీలకు వీలు కల్పించిందని చెప్పగానే ముందు వరుసలోని అమ్మాయి, "చాలవు మాస్టారూ" అంది. నాకూ అలాగే అనిపించింది, పైకి అనలేదు.

చివర్లో ఒకతను మన పార్లమెంటులో ఇలాంటి ఓటింగ్ ఎప్పుడు జరిగిందని అడిగాడు. ఒప్పందాలు కుదుర్చుకోవడం మన దేశంలో కార్యనిర్వాహక వర్గం పని అని, 253వ అధికరణం వాటి అమలుకు చట్టం చేసే అధికారాన్ని పార్లమెంటుకు ఇస్తుందే తప్ప ముందస్తు ఆమోదాన్ని తప్పనిసరి చేయదని చెప్పాను. అమెరికాతో అణు ఒప్పందంపై గొడవ ముదిరిన 2008లో కూడా లోక్‌సభ ఓటు వేసింది ప్రభుత్వంపై విశ్వాసం మీదే. ఆ జవాబు అతనికి నచ్చలేదు. ఇంతలో ముమ్మిడివరం బస్సు వేళైంది. మా సెనేట్ ఓటింగ్ సోమవారానికి వాయిదా పడింది.