కీమో గదిలో దొంగనోట్ల లైటు: నా థీసిస్ అనుభవం

ఎమ్మెస్సీ నర్సింగ్‌లో చేరేనాటికి నాకు పద్నాలుగేళ్ల సర్వీసు. చివరి ఆరేళ్లు హైదరాబాద్‌లోనే ఒక ఆసుపత్రి కీమో డేకేర్‌లో, అంటే క్యాన్సర్ మందులు ఎక్కించి అదే రోజు ఇంటికి పంపే విభాగంలో, ఇన్‌ఛార్జ్‌ని. మందులు కలపడానికి మాకు ప్రత్యేకంగా గదంటూ లేదు. నర్సింగ్ స్టేషన్ వెనక ఒక గ్రానైట్ బండ, దాని పైన సీలింగ్ ఫ్యాను, అంతే. ఎండాక్సాన్ అనే కీమో మందు వయల్‌లోకి (చిన్న సీసాలోకి) సెలైన్ ఎక్కించి ఊపితే లోపల ప్రెషర్ పెరిగేది. సూది బయటికి లాగేటప్పుడు సన్నగా చిమ్మేది. ఆ చేత్తోనే కేస్ షీట్ తిప్పేవాళ్ళం. బండ మీద పడితే స్పిరిట్ దూదితో తుడిచేసి, శుభ్రమైపోయిందనుకునేవాళ్ళం. స్పిరిట్‌కి ఆ మందు విరగదు, తుడిచిన మేరా పరుచుకుంటుంది. ఆ సంగతి నాకు చదువుకి వెళ్ళాకే తెలిసింది.

ఎండాక్సాన్ అంటే సైక్లోఫాస్ఫమైడ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఐఏఆర్సీ దీన్ని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే మొదటి గ్రూపులో చేర్చింది. పొగాకూ ఆ గ్రూపులోనే ఉంది. పేషెంటుకి ప్రాణం నిలబెట్టే మందు కాబట్టి ఆ రిస్కుకి అర్థం ఉంది. కలిపే సిస్టర్‌కి ఏ జబ్బుందని?

థీసిస్‌కి మొదట పెద్ద ప్లానే వేశాను. 1979లో ఫిన్లాండ్‌లో ఫాల్క్ అనే పరిశోధకుడి బృందం కీమో మందులు కలిపే నర్సుల మూత్రం పరీక్షించింది. జన్యువుల్లో మార్పు తెచ్చే గుణం అందులో ఎక్కువగా ఉందని లాన్సెట్ పత్రికలో రాసింది. మన హైదరాబాద్ సిస్టర్లకీ అలాంటిదే చేయాలని నా ఆశ. సినాప్సిస్ (పరిశోధన ప్లాను) చదివి గైడ్ మేడం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"ల్యాబ్ ఖర్చు ఎవరు పెడతారమ్మా? సరే, ఎవరో పెట్టారనుకో. ఒక పిల్ల యూరిన్‌లో మందు కనిపించింది. ఆమెకి ఏం చెప్తావ్?"

చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. ఎక్స్‌రేల సాయంతో గుండె రక్తనాళాలు చూసే క్యాథ్ ల్యాబ్‌లో చేసే సిస్టర్‌కి మెడలో టీఎల్‌డీ బ్యాడ్జి ఉంటుంది, ఒంటికి తగిలిన రేడియేషన్‌ని కొలిచేది. మూడు నెలలకోసారి రీడింగ్‌కి వెళ్తుంది. ఐదేళ్ల సగటున ఏడాదికి రేడియేషన్ 20 మిల్లీసీవర్ట్‌లు దాటకూడదని అణుశక్తి నియంత్రణ మండలి లెక్క. కీమోలో చాలా మందులకి ఇంతవరకు ఫర్వాలేదు అనే అంకె లేదు, మెడలో వేసుకునే బ్యాడ్జి అంతకన్నా లేదు. రాత్రంతా ఆలోచించి మూత్రం సంగతి వదిలేశాను. సిస్టర్లు మందు ఎలా కలుపుతున్నారు, ఏం తెలుసు, కళ్ళకు కట్టినట్టు చూపిస్తే అలవాటు మారుతుందా అన్నంత వరకే పెట్టుకున్నాను.

డేటా తీసుకోవడానికి ముందు ఆసుపత్రి అనుమతి కావాలి. నా లెటర్‌లో 'నర్సులకు కలిగే ప్రమాదాలు' అని ఉంది. ఆ ఫైలు మూడు వారాలు కదల్లేదు. ఆఫీసులో క్లర్కే మెల్లగా చెప్పాడు, "మేడం, ప్రమాదం అనే మాట ఉంటే ఎవరు సంతకం పెడతారు?" టైటిల్‌ని 'సురక్షిత పద్ధతులపై అవగాహన' అని మార్చి ఇచ్చాను. రెండో రోజుకి సంతకం అయిపోయింది. కొంచెం సిగ్గనిపించింది. మళ్ళీ అవసరం పడితే మళ్ళీ మారుస్తాను, అది వేరే విషయం.

అసలు ఆగింది మనుషుల మీద చేసే పరిశోధనల్ని పరిశీలించి అనుమతిచ్చే ఎథిక్స్ కమిటీ దగ్గర. ప్రోటోకాల్, తెలుగు, ఇంగ్లీషు సమాచార పత్రాలు, సమ్మతి పత్రం, గైడ్ లెటర్, బయోడేటా అన్నీ కాపీలు తీసి ఇచ్చి ఊపిరి పీల్చుకున్నాను. నెల తర్వాత క్వెరీ వచ్చింది. మీరు ఎంచుకున్నవారు 'వల్నరబుల్' కోవలోకి వస్తారు, వారికి ఏ రక్షణ కల్పిస్తున్నారు అని. నాకు నవ్వొచ్చింది. ఒంటిచేత్తో వార్డు నడిపేవాళ్ళం, మేం నిస్సహాయులమా! తీరా భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 మార్గదర్శకాలు తీసి చూస్తే, ఖైదీలు, సైనికులతో పాటు మెడికల్, నర్సింగ్ సంస్థల సిబ్బంది, విద్యార్థుల ప్రస్తావన కూడా ఉంది. పైవాళ్ళు అడిగితే కాదనలేనివాళ్ళని దాని భావం. రెండో ప్రశ్న సూటిగా నాకే: మీరు ఇన్‌ఛార్జ్‌గా ఉన్న యూనిట్‌లో ఫారాలు మీరే ఎలా తీసుకుంటారు?

డ్యూటీ రోస్టర్ రాసేది నేను. నైట్లు వేసేది నేను. లీవు సంతకం నాది. నేను ఫారం ఇస్తే ఏ పిల్ల వద్దంటుంది?

ఇంకో ఆసుపత్రి డేకేర్‌లో చేసే నా బ్యాచ్‌మేట్‌తో మార్పిడి పెట్టుకున్నాం. ఆమె యూనిట్‌లో నేను, నా యూనిట్‌లో ఆమె. పేర్లు ఉండవు, కోడ్ నంబర్లే. ఫారాలు తాళం వేసిన పెట్టెలో వేస్తారు, మేనేజ్‌మెంట్‌కి చూపించం. ఇదంతా రాసి ఇస్తే కమిటీ మళ్ళీ కూర్చోవడానికి రెండు నెలలు పైనే పట్టింది. ఆ రెండు నెలలు పడిన టెన్షన్ ఫైనల్ పరీక్షలకి కూడా పడలేదు.

ఫారాలు మొదలుపెట్టాక ఒక సిస్టర్ పెన్ను ఎత్తకుండానే అడిగింది, "ఏమైతదక్కా దీంతోని?" నేను 1976 సంగతి చెప్పాను. అమెరికాలో 1,21,700 మంది నర్సులు ఇలాంటి ఫారాలే ఏళ్ల తరబడి నింపితే, ముప్పై ఏళ్లు పైబడి నైట్లు తిరిగినవాళ్ళలో రొమ్ము క్యాన్సర్ కొంత ఎక్కువగా ఉందని 2001లో తేలిందని, నైట్ షిఫ్టు బహుశా క్యాన్సర్ కారకమే అని 2007లో ఐఏఆర్సీ ప్రకటించడానికి అలాంటి లెక్కలే ఆధారమని. అంతా విని, "మరి మా నైట్లు తగ్గిస్తరా?" అంది. నేను సమాధానం వెతుక్కుంటుండగానే జాలిపడి ఫారం నింపేసింది.

ఫారాల్లో మాత్రం అందరూ ఉత్తమ నర్సులే. రెండు జతల గ్లోవ్స్? 'ఎల్లప్పుడూ'. గౌను? 'ఎల్లప్పుడూ'. మందు కలిపే చోట నాకు కనిపించింది ఒకే ఒక్క డబ్బా, లార్జ్ సైజు లేటెక్స్ గ్లోవ్స్. అంత చిన్న చేతులకి అవి జారిపోతుంటే రెండు జతలు ఎలా వేస్తారు? నేనైనా అక్కడ అదే టిక్కు పెట్టేదాన్ని.

ఇక మిగిలింది లైటు, మందు ఎక్కడెక్కడ అంటుకుంటుందో కళ్ళకు చూపించడానికి. కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్ళి యూవీ టార్చ్ అడిగాను, దొంగనోట్లు పట్టే అతినీలలోహిత లైటు. "నోట్ చెక్ కర్‌నా హై క్యా, మేడం?" అన్నాడు షాపతను. తల ఊపాను, ఎవరికని వివరిస్తాం. మందు బదులు ఎంవీఐ వాడాను. రోజూ సెలైన్‌లో వేసే పసుపుపచ్చ విటమిన్ ఇంజెక్షనే. అందులో ఉండే రైబోఫ్లేవిన్ యూవీ కింద ఆకుపచ్చగా మెరుస్తుంది. ఖర్చు తక్కువ, ఒంటికి హాని లేదు.

రోజూ ఎలా చేస్తారో అలాగే కలపమన్నాను. కలిపి, సెట్ బిగించి, కేస్ షీట్‌లో రాశారు. తర్వాత కర్టెన్లు వేసి లైట్లు ఆపేసి టార్చ్ నొక్కాను. గ్లోవ్స్ మీద మెరుపు ఉంటుందని అందరికీ తెలుసు. బండ మీదా అనుకున్నదే. గ్లోవుకీ గౌను చేతికీ మధ్య మణికట్టు మీద ఒక గీత. ఐవీ స్టాండ్ మర మీద, పంపు బటన్ మీద, కేస్ షీట్ అంచున. అందరి చేతులూ మారే ఆ ఒక్క నీలం పెన్ను మొత్తం. ఒకరి ఫోను స్క్రీను. ఇంకొకరి ఐడీ కార్డు తాడు. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. మలయాళీ సిస్టర్ ఒకావిడ "అయ్యో" అని పెన్ను జేబులోంచి తీసి బల్ల మీద పడేసింది.

ఐదో నెల గర్భిణి ఒకమ్మాయి నిశ్శబ్దంగా సింకు దగ్గరికి వెళ్ళింది. అది విటమినే తల్లీ అని నేను చెబుతున్నా, మోచేతుల దాకా కడుగుతూనే ఉంది. ఫిన్లాండ్ నర్సుల మీదే 1985లో ఇంకో అధ్యయనం వచ్చింది. తొలి మూడు నెలల్లో ఈ మందులతో పనిచేసినవారిలో గర్భస్రావాలు ఎక్కువని అది చెప్పింది. నేను ఆ మాట ఎత్తలేదు. ఆమే బయట కారిడార్‌లో అడిగింది, "నేను కలపనని చెప్పొచ్చా అక్కా?"

ఎవరి సంగతీ మేనేజ్‌మెంట్‌కి చెప్పనని కమిటీకి రాసిచ్చినదాన్ని. నేను వెళ్ళి చెప్పకూడదు. ఆమె వెళ్ళడాన్ని ఏ రూలూ ఆపదు. గైడ్ మేడంకి ఫోన్ చేసి అడిగి, క్యాంటీన్‌లో కూర్చుని ఆమెతో అర్జీ రాయించాను. వారంలో ఓపీకి మార్చారు. ఆమె వాటా పని తమ మీద పడిందని మిగతావాళ్ళు గొణిగారని తర్వాత విన్నాను. అదీ నిజమే కదా.

మందు ఆవిరి గదిలోకి రాకుండా బయటికి లాగేసే క్యాబినెట్ కోసం రెండు చోట్లా ఇండెంట్ పెట్టారు, ఇంకా రాలేదు. స్మాల్ సైజు నైట్రైల్ గ్లోవ్స్ వచ్చాయి. స్పిరిట్ దూది ఆగింది.

నా యూనిట్ ఫారాలు బ్యాచ్‌మేట్ టైపు చేసి పంపింది, చేతిరాత కనబడకుండా. 'మీరు చెప్పదలచుకున్నది' అనే చివరి గడిలో చాలామంది ఖాళీ వదిలేశారు. ఒక దాంట్లో మాత్రం ఒక్క వాక్యం ఉంది: "రష్ ఉన్నప్పుడు ఇన్‌ఛార్జ్ సిస్టరే గ్లోవ్స్ లేకుండా కలుపుతారు, మేం చెప్పలేం."

గైడ్ మేడం చదివి, "ఇది కూడా థీసిస్‌లో పెడతావా?" అన్నారు. అనుబంధంలో ఉన్నదున్నట్టు పెట్టాను.