స్పీడ్ టెస్ట్ బాగానే ఉంది, వీడియో కాల్ మాత్రం తెగిపోతోంది

ఒక చిన్న పట్టణంలో కేబుల్ ఇంటర్నెట్ ఆపరేటర్ దగ్గర రూటర్లు చూసుకోవడం నా పని. రాత్రి ఎనిమిది దాటితే ఫోన్లు మొదలయ్యేవి. అందరిదీ ఒకటే ఫిర్యాదు: "స్పీడ్ టెస్టులో నలభై పైనే చూపిస్తోందండీ, పిల్లవాడి క్లాసు మాత్రం ఆగిపోతోంది." మీ ఇంట్లో వైఫై బాగాలేదని చెప్పి తప్పించుకోవచ్చు. నెలనెలా డబ్బు కట్టే మనిషికి అలా చెప్పడం నాకు ఇష్టం లేదు. ఒక కస్టమర్ ఇంటి నుంచే పింగ్ (చిన్న సందేశం వెళ్ళి తిరిగి రావడానికి ఎంతసేపు పడుతుందో చూసే పరీక్ష) పెట్టి చూశాను. పగలు 10 మిల్లీసెకన్లు ఉన్నది రాత్రి 300 దాటింది. ప్యాకెట్లు, అంటే డేటా ముక్కలు, దారిలో మాయమవడం లేదు, ఎక్కడో బారులు తీరి ఆగుతున్నాయి.

మాకు పైనుంచి వచ్చేది 1 జీబీపీఎస్ లింకు. అది నిండితే ప్యాకెట్లు ఆగేది పై ప్రొవైడర్ పరికరంలో, అక్కడ మన మాట చెల్లదు. అందుకే మా మైక్రోటిక్ కంపెనీ రూటర్లో పేరెంట్ క్యూ (అందరి వరుసలకూ పైన ఉండే పెద్ద వరుస) ఒకటి పెట్టి, దాని పరిమితి 940 ఎంబీపీఎస్ చేశాను. కొన్న బ్యాండ్‌విడ్త్‌లో 60 ఎందుకు వదులుకోవాలని యజమాని అడిగారు. క్యూ మన రూటర్లోకి వస్తేనే ఎవరి ప్యాకెట్ ముందు పోవాలో మనం నిర్ణయించగలమని చెప్పాను.

ఒక్కో కస్టమర్ పరిమితి రేడియస్ సర్వర్ (కస్టమర్ల లాగిన్, ప్లాన్ చూసుకునే సర్వర్) నుంచి వస్తుంది. 10ఎం/50ఎం అని రాస్తే మొదటి అంకె అప్‌లోడ్. కస్టమర్ పంపేదే రూటర్ అందుకునేది, ఆ లెక్కంతా రూటర్ వైపు నుంచి వేసిందే.

ఇంత చేసినా క్యూల్లో అంకెలు దాదాపు కదలలేదు. కారణం ఫైర్‌వాల్‌లోని ఫాస్ట్‌ట్రాక్ నియమం, ప్యాకెట్లను దగ్గరి దారిలో పంపేది. దాని కిందికి వచ్చిన కనెక్షన్లు సింపుల్ క్యూలను (మేం పెట్టిన ఈ వరుసలను) తాకకుండానే దాటిపోతాయి. నియమం తీసేయగానే అంకెలు పరుగెత్తాయి, సీపీయూ భారమూ పెరిగింది. ఆ భారాన్ని మోయగల రూటర్ లేకపోతే ఈ పని మొదలుపెట్టకూడదు.

అసలు మార్పు తెచ్చింది క్యూ రకం. మైక్రోటిక్ రూటర్ల సాఫ్ట్‌వేర్ అయిన రూటర్‌ఓఎస్ 7లో ఎఫ్‌క్యూ-కోడెల్ అనే రకం ఉంది. అది డౌన్‌లోడ్‌నూ వీడియో కాల్‌నూ ఒకే వరుసలో నిలబెట్టకుండా దేని వరుస దానికి ఇస్తుంది. ఒక వరుసలో ఆలస్యం 100 మిల్లీసెకన్ల పాటు 5 మిల్లీసెకన్ల కిందికి దిగకపోతే ప్యాకెట్లను పడేయడం మొదలుపెడుతుంది. పడేస్తే నష్టం కదా అనిపిస్తుంది. కానీ సాధారణంగా ప్యాకెట్ పోయిందని తెలిస్తేనే అవతలి టీసీపీ (డేటా పంపే వేగాన్ని చూసుకునే పద్ధతి) వేగం తగ్గిస్తుంది. పెద్ద బఫర్ (ప్యాకెట్లు ఆగే చోటు) పెట్టి అన్నిటినీ దాచుకుంటే ఆ కబురు ఆలస్యంగా అందుతుంది, ఈలోగా కాల్ తెగిపోతుంది.

ఆపైన ప్రతి ఇంటికీ కనీస హామీ ఇచ్చాను. హామీల మొత్తం పేరెంట్ పరిమితి దాటకూడదు. 400 ఇళ్ళకు 2 ఎంబీపీఎస్ చొప్పున ఇస్తే 800, సరిపోతుంది. 3 చొప్పున ఇస్తే 1200, అప్పుడు అది కాగితం మీది హామీయే.

ఇప్పుడు రాత్రి తొమ్మిదికి, పక్కన డౌన్‌లోడ్ నడుస్తున్నా, అదే ఇంట్లో పింగ్ 30 లోపే ఉంటోంది. అయితే 940 పరిమితి గంటల తరబడి నిండి ఉండే రోజు వస్తే ఈ సర్దుబాట్లేవీ చాలవు, బ్యాండ్‌విడ్త్ కొనాల్సిందే. ఆ సంగతి యజమానికి ముందే చెప్పాను. గ్రాఫులో మా వాడకం ఆ 940 గీతను ఎంతసేపు తాకుతోందో రోజూ రాసిపెడుతున్నాను.