బాబాయి రీళ్లలో లేని ఉద్యోగం

బాబాయి పరాయి దేశంలో ఉద్యోగానికి వచ్చిన కొత్తలో తీసిన సూపర్ 8 (ఇళ్లలో సొంతంగా సినిమాలు తీసుకోవడానికి వాడిన చిన్న ఫిల్ము) రీళ్లు ఇప్పుడు నా దగ్గరున్నాయి. నేనూ అదే ఊళ్లో పనిచేస్తున్నాను. షిఫ్టు లేని రోజుల్లో వాటిని నేనే డిజిటల్‌లోకి ఎక్కిస్తున్నాను. బయట చేసిపెట్టేవాళ్లు ఉన్నారు గానీ, ఏ ఫ్రేములో ఎవరున్నారో ఆనవాలు పట్టగలిగేది ఇంటివాళ్లే.

డబ్బా మూత తీయగానే వెనిగర్ వాసన కొట్టిందంటే అసిటేట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన ఫిల్ము చెడిపోవడం మొదలైనట్టే. ఆ ఆవిరి పక్క రీళ్లనూ పాడుచేస్తుంది. దాన్ని వేరుగా పెట్టి అన్నిటికంటే ముందు స్కాన్ చేయాలి. పాత ప్రొజెక్టర్ దొరికింది కదా అని మాత్రం ఎక్కించకండి. కుంచించుకుపోయిన ఫిల్ము దాని పళ్లకు తగులుకుని చిరుగుతుంది, మధ్యలో ఆగితే బల్బు వేడికి ఫ్రేము కాలిపోతుంది. ఎల్ఈడీ వెలుగులో ఒక్కో ఫ్రేమునూ ఫొటో తీసే స్కానరే మేలు. యాభై అడుగుల రీల్లో 3,600 ఫ్రేములుంటాయి కాబట్టి ఓపిక కావాలి.

వేగం సంగతి చాలామంది పట్టించుకోరు. సూపర్ 8 మామూలుగా సెకనుకు 18 ఫ్రేములు. స్కానర్ ఇచ్చిన ఫైలు 30తో ఆడితే మనుషులంతా పరిగెడుతున్నట్టుంటుంది. 18కి తెచ్చాకే నాకు తెలిసిన బాబాయి నడక తెర మీదికొచ్చింది. త్వరగా వెలిసిపోని కొడాక్రోమ్ రంగుల ఫిల్ము కావడంతో రంగులు కూడా నిలిచాయి.

అంత రీలూ ఆడేది 3 నిమిషాల 20 సెకన్లే. అందుకే పొదుపుగా తీశాడు: మంచు, కొత్త కారు, పిల్లల పుట్టినరోజులు. రోజులో సగం గడిచిన ఫ్యాక్టరీ మాత్రం ఎక్కడా లేదు. ఒక్క రీలు చివర, కాస్త ఫిల్ము మిగిలిందేమో, గేటు బయట యూనిఫాంలో నలుగురు నిలబడి ఉన్నారు.

ఆ ముక్క బాబాయికి ఫోన్లో పంపాను. "ఒరేయ్, అది నైట్ షిఫ్టు దిగాక తీసింది. ఎడమపక్క నిలబడ్డవాడే నాకు మిషను నేర్పాడు" అని మొదలుపెట్టి, నాకెప్పుడూ చెప్పని సంగతులన్నీ చెప్పాడు. మిషను చప్పుడుకి చెవులు ఎలా దిబ్బడేసేవో, జీతం రోజున ఇంటికి ఉత్తరం ఎలా రాసేవాడో.

మా రీళ్లలో శబ్దం లేదు. ఇప్పుడు బాబాయి మాటల్ని విడిగా రికార్డు చేసి ఆ దృశ్యాల కింద జోడిస్తున్నాను. మాటలు లేని మూల ఫైలునూ అలాగే ఉంచుతున్నాను, రీళ్లను చల్లని పొడిచోట దాస్తున్నాను. గేటు దగ్గర ఉన్నవాళ్లలో ఇద్దరి పేర్లు ఇంకా తేలలేదు. ఆ ఫ్రేమును ఫొటోగా చేసి బాబాయి పాత స్నేహితులకు పంపాం.