రిసెప్షన్‌లో అసలు లెక్క స్టేజీ మెట్ల దగ్గర ఉంటుంది

శుభలేఖలో ‘రాత్రి 7 గంటల నుంచి’ అని వేస్తారు. జంట స్టేజీ ఎక్కేసరికి ఎనిమిదిన్నర. డెకరేషన్‌కి లక్షలు పోసిన రిసెప్షన్లు కూడా ఈ గంటన్నరలోనే చెడతాయి.

800 మంది వస్తారనుకోండి. నలుగురేసి చొప్పున 200 జట్లు. ఎక్కడం, అక్షింతలు, కవరు, ఫొటో, దిగడం అన్నీ కలిపి జట్టుకి 45 సెకన్లు. ఎక్కడా ఆగకపోయినా రెండున్నర గంటలు. ఏడింటికి మొదలైతే తొమ్మిదిన్నరకి అయిపోతుంది, ఎనిమిదిన్నరకైతే పదకొండు. ఓపెన్ లాన్ అయితే పదింటికే మైకు కట్టేయాలి, అది రూలు.

ఆలస్యానికి మూలం దాదాపు ఎప్పుడూ మేకప్పే. ముందురోజు అర్ధరాత్రి ముహూర్తం, పొద్దున వ్రతం, మధ్యలో పెళ్లికూతురికి కంటి మీద కునుకుండదు. చీర కట్టు, జడతో కలిపి మేకప్‌కి మూడు గంటలు పడుతుంది. కాబట్టి మూడింటికే కూర్చోబెట్టాలి. ఆరింటికి తయారైతే జంట ఫొటోలన్నీ చుట్టాలు రాకముందే అయిపోతాయి. అవి స్టేజీ మీద తీస్తుంటే కింద లైను కదలదు.

స్టేజీకి ఎక్కే మెట్లు ఒకవైపు, దిగే మెట్లు ఇంకోవైపు ఉండి తీరాలి. రెండోవైపు మెట్లకి పూలకుండీలు అడ్డం పెట్టేసే డెకరేటర్లున్నారు, సాయంత్రం నాలుగింటికే వెళ్లి చూసుకోండి. మెట్ల కింద ఒక మనిషి కావాలి. మొహమాటస్తుడు పనికిరాడు, ‘బాబాయ్, మీరూ ఈ ఫొటోలోనే రండి’ అని రెండు జట్లని ఒకటి చేయగల గట్టివాడై ఉండాలి. పైన రాలిన అక్షింతలు కార్పెట్ మీద జారతాయి, అరగంటకోసారి ఊడ్పించాలి.

స్టేజీ ఆలస్యమైతే దెబ్బ భోజనాల మీద పడుతుంది. జంట లేదు కదా అని జనమంతా ఒక్కసారే బఫే మీదికి వెళ్తారు. 800 మందికి నాలుగు లైన్లు లేకపోతే తోపులాటే. బిర్యానీ దగ్గర అంత గొడవ ఉండదు, చిక్కంతా లైవ్ కౌంటర్ల దగ్గరే. పెద్ద పెనం మీద నాలుగు దోశలు, వాయికి మూడు నిమిషాలు, అంటే గంటకి 80. దోశ పెట్టాలనుకుంటే రెండు పెనాలు పెట్టండి, లేదంటే మెనూలోంచి తీసేయండి. నిలబడి తినలేని పెద్దవాళ్లకి ఒక మూల 40 కుర్చీలు, బల్లలు వేసి వడ్డించాలి. దీన్ని చాలామంది మర్చిపోతారు.

కేటరర్‌తో ప్లేటు లెక్క ముందే తేల్చుకోవాలి. 800 మందిని పిలిస్తే 650 ప్లేట్లకి గ్యారంటీ ఇచ్చి (అంటే అంతమంది తినకపోయినా వాటికి డబ్బు కట్టాలి), ఆపైన ఎన్ని ప్లేట్లు వాడితే అన్నింటికి అని రాయించుకోవడం మంచిది. పిల్లల ప్లేటుకి, ఫొటోగ్రాఫర్లు, డ్రైవర్ల భోజనాలకి రేటెంతో కూడా అందులోనే ఉండాలి. ప్లేట్లు బయటికి తీసేముందు మీ తరఫు మనిషి ఒకరు కట్టలు లెక్కపెట్టాలి, చివర్లో మిగిలినవి మళ్లీ లెక్కపెట్టి, రెండు లెక్కలూ కాగితం మీద రాసుకోవాలి. ఒకరు రెండో ప్లేటు తీసుకుంటే అదీ లెక్కలోకి వస్తుంది. రాత్రి పదకొండున్నరకి, అందరూ అలిసిపోయాక, ‘920 లేచాయండీ’ అంటే కాదనడానికి చేతిలో ఉండేది ఆ కాగితమొక్కటే.