సయాటికా అనుకుని ఐదు వారాలు

మా తమ్ముడికి సంక్రాంతి వెళ్ళిన వారానికి కుడి పిరుదు లోపల నొప్పి మొదలైంది. కూర్చుంటే లేవలేడు, మంచం మీద పక్కకి తిరగాలన్నా అమ్మ పట్టుకోవాలి. చూపించిన చోటల్లా సయాటికా (నడుం నుంచి కాల్లోకి దిగే నరం నొప్పి) అన్నారు, ఎక్స్‌రే బాగానే ఉందన్నారు, నొప్పి బిళ్ళలు రాశారు. (అక్కడి కీలుకి ఇన్ఫెక్షన్ సోకినా మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో ఏమీ కనపడకపోవడం మామూలేనట.) సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాలిపోయేది, తెల్లారేసరికి బనీను, దుప్పటి చెమటతో తడిసి ముద్దయ్యేవి. ఆ జ్వరం సంగతి ఒక డాక్టరుకి, నొప్పి సంగతి ఇంకో డాక్టరుకి చెప్పాం, మా తెలివి అలా ఏడ్చింది.

ఐదో వారంలో ఒక ఎముకల డాక్టరు వాణ్ణి వెల్లకిలా పడుకోబెట్టి, కుడి మడమ ఎడమ మోకాలి మీద పెట్టించి, కుడి మోకాలిని మెల్లగా కిందికి నొక్కారు. కెవ్వుమన్నాడు. నొప్పి గజ్జలో కాదు, వెనక, నడుం కింద గుంట పడే చోట. "ఇది నరం కాదమ్మా, శాక్రోఇలియాక్ జాయింట్" అన్నారు, అంటే వెన్నెముక అడుగు భాగం కటి ఎముకతో కలిసే కీలు. ఎమ్మారైలో కుడివైపు ఒక్కటే వాచి, లోపల నీరు చేరి ఉంది. ఒక్కవైపే ఉండి జ్వరం కూడా వస్తుంటే ముందు ఇన్ఫెక్షన్‌నే అనుమానించాలట, మన దగ్గరైతే టీబీని కూడా.

యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే బ్లడ్ కల్చర్‌కి, అంటే రక్తంలోని క్రిమిని పెంచి చూసే టెస్టుకి, రక్తం తీయించారు. ముందే మందు పడితే క్రిమి దొరకడం కష్టం. అప్పుడడిగారు, "ఇంట్లో పశువులున్నాయా?" అని. మేకలున్నాయి. డిసెంబరులో రెండు మేకలు ఈసుకుపోతే వీడే ఒట్టి చేతులతో మాయ లాగి పాతిపెట్టాడు. ఆ మాట వినగానే బ్రూసెల్లా (పశువుల నుంచి, పచ్చిపాల నుంచి మనుషులకి సోకే క్రిమి) టెస్టు రాశారు, ల్యాబ్‌కి ఫోన్ చేసి మరీ చెప్పారు, ఇది మెల్లగా పెరిగే క్రిమి, కల్చర్ తొందరగా పారేయొద్దు, మీకే అంటుకోగలదు జాగ్రత్త అని. టెస్టు పాజిటివ్.

వారం రోజులు జెంటామైసిన్ ఇంజెక్షన్లు, మూడు నెలలు డాక్సీసైక్లిన్, రిఫాంపిసిన్ బిళ్ళలు. మూత్రం ఎర్రగా వస్తోందని అమ్మకి ఒకటే టెన్షన్, అది రిఫాంపిసిన్ రంగేనని చెప్పినా నమ్మలేదు. ఆరో వారానికి నొప్పి పోయిందని వీడు బిళ్ళలు మానేస్తానన్నాడు, మధ్యలో ఆపితే తిరగబెడుతుందని డాక్టరు గట్టిగా కేకలేశారు. అప్పట్నుంచి అమ్మ రోజూ ఖాళీ పట్టీలు లెక్కపెట్టేది.

ఇప్పుడు మేక ఈనితే గ్లౌజులు వేసుకుంటున్నాడు. పచ్చిపాలు మాత్రం అమ్మ చాటున ఇంకా తాగుతున్నాడని నా అనుమానం.